మిర్యాలగూడ కోడలి సూది

నర్సింగ్ చదివి కొత్తగా పరిశోధన విభాగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడం, ఈ పని కష్టమా?" అని అడుగుతారు. సూది వేయడం, రక్తం తీయడం, తారీఖులు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదని చెబుతాను. మనం వేసిన సూది మనిషితో పాటు ఆమె ఇంటికి కూడా పోతుంది. అక్కడ ఏం జరుగుతుందో మనకు తెలియదు. నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి మీకోసం ఇక్కడ రాస్తున్నాను. పేర్లు అడగవద్దు.

పని మానేసే ముందు చివరి కొన్నేళ్లు నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాను. హైదరాబాదులో జరుగుతున్న ఒక పెద్ద పరిశోధనకు అది శాఖ లాంటిది. వయసులో ఉన్న ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ మొదట్లోనే దొరికితే, ఆపరేషన్ తర్వాత ఇచ్చే హార్మోన్ మందుల మీద ఆ పరిశోధన.

మీకు పాఠంలో ఉండే ఉంటుంది కాని, తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ క్యాన్సర్లలో చాలావాటికి ఆడవాళ్ల ఒంట్లో తయారయ్యే ఈస్ట్రోజనే తిండి. గడ్డను కోసి తీసేశాక కూడా కంటికి కనపడని కణం ఎక్కడైనా మిగిలితే, అది ఆ తిండి తిని మళ్లీ లేస్తుంది. అందుకని ఆ తిండి అందకుండా కొన్నేళ్లపాటు రోజూ ఒక మాత్ర ఇస్తారు. వయసులో ఉన్నవాళ్లకు అండాశయాలు ఇంకా జోరుగా పనిచేస్తుంటాయి. మాత్రతో పాటు నెలకొక సూది వేసి వాటిని కూడా నిద్రపుచ్చితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందా, ఎవరికి తగ్గుతుంది, అందుకోసం వాళ్లు ఒంట్లో ఎంత బాధ పడాలి అన్నది ప్రశ్న. చేరినవాళ్లలో కొందరికి మాత్ర ఒక్కటే. కొందరికి మాత్రా సూదీ రెండూ. ఎవరు ఎటు అన్నది కంప్యూటర్ తేలుస్తుంది. డాక్టరుగారి చేతిలో లేదు, నా చేతిలో లేదు.

ఆ సూది మామూలు సూది కాదు, లావుగా ఉంటుంది. బొడ్డు కింద చర్మం పైకి పట్టుకుని లోపలికి దింపితే బియ్యపు గింజంత మందు అక్కడ కూర్చుంటుంది. నెలంతా కొంచెం కొంచెంగా కరుగుతుంది. నెలసరి ఆగిపోతుంది. యాభై దాటాక రావలసిన బాధలన్నీ ముప్పై ఏళ్లకే మీద పడతాయి. కోదాడలో ఒక పంతులమ్మ ఉండేది. పాఠం చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి ఒళ్లంతా సెగ పుట్టి, సుద్దముక్క బల్ల మీద పెట్టి ఫ్యాను కింద నిలబడేదట. "పిల్లలు నాకు దయ్యం పట్టిందనుకుంటున్నారు సిస్టర్ గారూ" అని నవ్వుతూనే చెప్పింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని దిగేది. మోకాళ్లు అంత నొప్పి.

కోదాడకూ మిర్యాలగూడకూ సూదులు తీసుకుని బస్సులో నేనే వెళ్లేదాన్ని. మాకొక కోఆర్డినేటర్ ఉండేవాడు. కోదాడ మనిషి, నా తమ్ముడి వయసు. మొదట్లో మందుల కంపెనీకి తిరిగి తిరిగి, కాళ్లు అరిగాక మా దగ్గర చేరాడు. సరదా మనిషి. ఎవరితో మాట్లాడినా రెండో నిమిషానికి వాళ్ల చుట్టమైపోతాడు. సూది రోజు దగ్గరపడితే అందరికీ ఫోన్లు చేసి గుర్తుచేయడం అతని పని.

మిర్యాలగూడలో నాకు కేటాయించినవాళ్లలో ఒక కోడలుంది. రైస్ మిల్లు వాళ్లింటి కోడలు. పుట్టిల్లు ఆత్మకూర్ (ఎస్) దగ్గర పల్లె. డిగ్రీ చదివింది, తక్కువ మాట్లాడుతుంది. పెళ్లయి నాలుగైదేళ్లయినా పిల్లలు లేరు. స్నానం చేస్తుంటే చేతికి తగిలిందని గడ్డ సంగతి భర్తకు వెంటనే చెప్పింది. అతను కూడా ఆలస్యం చేయకుండా హైదరాబాదు తీసుకెళ్లాడు. ఆ మాట అతని గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత అతని గురించి మంచిగా చెప్పడానికి నాకు ఎక్కువ దొరకదు. గడ్డ చిన్నది. పక్కకు పాకలేదు. ఆపరేషన్ చేసి, రేడియేషన్ ఇచ్చి, పరిశోధనలో చేర్చుకున్నారు. కంప్యూటర్ ఆమెకు మాత్రా సూదీ రెండూ రాసింది.

ఇంట్లో మాత్రం పిత్తాశయంలో రాళ్లని చెప్పారు. ఆపరేషన్ దానికేనని. తల్లికి తెలిస్తే తట్టుకోలేదని భర్త అన్నాడు. అసలు సంగతి ఊరికి తెలుస్తుందని అతని భయం. అతని చెల్లె పెళ్లయింది కాని, అతని అక్క కూతురికి సంబంధాలు చూస్తున్నారు. "మా ఇంట్ల ఈ రోగమున్నదని తెలిస్తే ఎవలన్న పిల్లను చేసుకుంటరా మేడం?" అని నన్నే అడిగాడు. కోడలు వాళ్లింటి రక్తం కాదు కదా అన్నాను. "గంత ఎవలు ఆలోచిస్తరు" అన్నాడు. అది నిజమే.

బస్టాండు దగ్గర ఒక డాక్టరమ్మ క్లినిక్‌లో మాకు నెలకొకసారి ఒక గది ఇచ్చేవారు. కోడలు అక్కడికే వచ్చేది. సూది వేస్తున్నంతసేపూ పైకప్పు వైపు చూసేది. ఒకసారి మాత్రం అడిగింది.

"సిస్టరమ్మ, ఇది అయిపోయినంక పిల్లలు అయితరా?"

"డాక్టరుగారిని అడిగావా?"

"అడిగిన. నడుమ కొన్నాళ్లు మందులు ఆపి బిడ్డను కనొచ్చా అన్నది కూడ ఇంకెక్కడ్నో సూస్తున్నరట. ఇప్పుడే ఆపుడు మంచిది కాదన్నడు. చెప్పలేను అన్నడు."

"చెప్పలేనంటే లేదని కాదు."

"అవునని గూడ కాదు కద" అంది.

దూది పెట్టి కాసేపు అదిమి పట్టుకోమన్నాను.

ఒక నెల సూది రోజు దగ్గరపడింది. కోఆర్డినేటర్ ఆమెకు ఫోన్ చేస్తే కలవలేదు. భర్త మిల్లులో ఉన్నాడు, ఆ మోతలో ఎత్తలేదు. అత్యవసరమైతే తప్ప చేయవద్దని వాళ్లిచ్చిన మూడో నంబరు ఒకటి ఉంది. ఇతను దానికి చేశాడు. అత్తగారు ఎత్తింది.

తర్వాత అతనే నాకు చెప్పాడు. "అమ్మా, మీ కోడలికి ఎల్లుండి సూది ఉందండీ, గుర్తుచేద్దామని" అన్నాడట. అవతల ఆమె, "ఏం సూది బిడ్డా? పిల్లల కోసమేనా?" అని అడిగిందట. జబ్బు పేరు చెప్పకూడదు. సూది లేదని అనడానికి లేదు. ఆమే ఒక దారి చూపించింది కదా అని ఆ దారిలోకి దిగాడు. "అవునమ్మా" అన్నాడు. ఆమె సంతోషపడి, నీ కడుపు చల్లగుండ అని దీవించి ఫోన్ పెట్టేసిందట.

"ఏం చెయ్యమంటారు సిస్టర్ గారూ. ఒక్క మాటే కదా" అన్నాడు. నేను కోపపడ్డాను. డాక్టరుగారు కూడా గట్టిగానే అన్నారు. అయితే అందరం ఒక్క మాటే కదా అనుకున్నాం. ఇంకా నిజం చెప్పాలంటే, పిత్తాశయంలో రాళ్లకు నెలనెలా సూదులేమిటన్న అనుమానం తీరిపోయిందని భర్త మాకు కృతజ్ఞత చెప్పాడు.

ఆ ఇంట్లో పాత పద్ధతి. నెలసరి వస్తే కోడలు ఆ రోజులు వంటింట్లోకి రాదు, వెనక గదిలో ఉంటుంది. సూదులు మొదలయ్యాక ఆమె వెనక గదిలోకి వెళ్లడం ఆగిపోయింది. అత్తగారు ఒక నెల చూసింది. ఇంకో నెల చూసింది. పిల్లల కోసం సూదులని మా కోఆర్డినేటరే స్వయంగా చెప్పి ఉన్నాడు. ఇంకేం కావాలి? కోడలు నెల తప్పిందని ఆమె ఖాయం చేసుకుంది.

కోడలిని అడగలేదట. అడిగితే దిష్టి తగులుతుందని ఆమె నమ్మకం. పొద్దున్నే దానిమ్మ గింజలు ఒలిచి గిన్నెలో పెట్టేది. బిందె ఎత్తనిచ్చేది కాదు. ఒంట్లో సెగలు పుట్టి కోడలు కిటికీ దగ్గర నిలబడితే, "మొదటి నెలలు గట్లనే ఉంటది బిడ్డా, నాక్కూడ ఉండె" అనేది. ఆ మాటలు నాకు క్లినిక్‌లో చెబుతూ కోడలు మొదటిసారి ఏడ్చింది. కాదని చెప్పాలంటే అన్నీ చెప్పాలి. చెప్పకుండా దానిమ్మ గింజలు తినాలంటే గొంతు దిగడం లేదు.

పొరుగు ఆడవాళ్లకు కూడా తెలిసిపోయింది. ఇంక పొట్ట కనపడాల్సిన నెలలు దగ్గరపడుతున్నాయి. అప్పుడు భర్త సూర్యాపేటకు వచ్చాడు. డాక్టరుగారు హైదరాబాదు నుంచి వచ్చే రోజు కాదు, నేనూ కోఆర్డినేటరూ మాత్రమే ఉన్నాం. కుర్చీలో కూర్చుని చాలాసేపు సెల్‌ఫోన్ అటూ ఇటూ తిప్పాడు.

"మేడం, మీరొక్కసారి మా ఇంటికి రావాలె. వచ్చి, కడుపు నిలువలేదు, పోయింది అని మా అమ్మకు చెప్పుండ్రి. మీరు నర్సు కాబట్టి నమ్ముతది."

"లేని కడుపు పోయిందని చెప్పమంటారా?"

"ఇంకో తొవ్వ లేదు మేడం."

చెప్పనన్నాను. అబద్ధానికి కాళ్లు లేవంటారు కాని, అప్పటికే అది ఆ ఇంట్లో నడిచి, పాకి, వీధిలోకి కూడా వెళ్లింది. దానికి ఇంకొకటి తోడు చేయడం నా వల్ల కాదన్నాను. అలాగని నా అంతట నేను వెళ్లి నిజం చెప్పడానికీ లేదు. జబ్బు ఆ అమ్మాయిది. ఎవరికి చెప్పాలో ఎవరికి వద్దో ఆమె ఇష్టం. ఆమెతో మాట్లాడితే తప్ప అడుగు వేయనని చెప్పి పంపించాను.

తర్వాతి సూది రోజు ఆమె ఒంటరిగా వచ్చింది. సూది వేయించుకుని లేవలేదు.

"సిస్టరమ్మ, నేనే చెప్త అత్తమ్మకు. మీరు పక్కన కూసోండ్రి చాలు. ఆమె ఏమన్న అడిగితే నాకు సరిగ రాదు."

"మీ ఆయనకు చెప్పావా?"

"చెప్తె ఆపుతడు."

అలా ఆ మధ్యాహ్నం ఆమె వెంట వాళ్లింటికి వెళ్లాను. మిల్లుకు దగ్గరే ఇల్లు. ఆరేసిన బట్టల మీద ఊక బూడిద నల్లగా రాలి ఉంది. ఆ వీధిలో అన్ని ఇళ్లూ అంతే. అత్తగారు వాకిట్లోనే ఎదురొచ్చింది. బొద్దుగా, బొట్టు పెద్దగా, నవ్వు మొహం. ఎండాకాలమైనా పమిటను మెడ చుట్టూ తిప్పి కప్పుకుని ఉంది. నన్ను చూసి ఎంతో సంబరపడింది, కోడలి సూదుల సిస్టర్నని.

"మీదే ఊరు సిస్టరమ్మ?"

"హాలియా దగ్గరండీ. మా అమ్మ నాట్లకు పోయేది."

ఆమెకు అర్థమైంది. "మంచిగ చదివించింది మరి" అంది. టీ వచ్చింది. వాళ్లకు స్టీలు గ్లాసుల్లో, నాకు కాగితం కప్పులో. ఇలాంటివి నేను లెక్కపెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. టీ బాగుంది.

అయితే ఆమె వంగి కప్పు నా ముందు పెట్టినప్పుడు నాకొక వాసన తగిలింది. పౌడరు వాసన, దాని కింద కర్పూరం. ఆ రెండింటి కింద ఇంకొకటి. క్యాన్సర్ వార్డులో పనిచేసినవాళ్లు ఆ వాసనను మర్చిపోరు. ఎక్కడి నుంచి వస్తోందో నాకు వెంటనే తెలియలేదు. తెలుసుకోవడానికి మనసు ఒప్పుకోలేదేమో కూడా.

కోడలు నేల మీద, అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుంది. తల ఎత్తకుండా మొదలుపెట్టింది.

"అత్తమ్మ, నాకు కడుపు లేదు."

ఆమె నవ్వు అలాగే ఉంది. "ఏంది బిడ్డా?"

"నాకు కడుపు రాలే. నెల ఆగింది సూదులకు. నాకు రొమ్ముల గడ్డ అయింది. క్యాన్సర్. హైదరాబాద్‌ల కోసింది దానికే. రాళ్లకు కాదు. మళ్లెప్పుడు రావొద్దని ఈ సూదులు."

నేను అనుకున్నవేవీ జరగలేదు. ఆమె అరవలేదు, గుండెలు బాదుకోలేదు. ఇంటిపేరు చెడగొట్టావని అనలేదు. "ఏ దిక్కు?" అని అడిగింది.

కోడలు ఎడమవైపు చేయి పెట్టి చూపించింది.

"ఎంతుండె?"

"రేగ్గాయంత."

"నొప్పి ఉండెనా?"

"లేకుండె."

"నొప్పి ఉండది మొదట్ల" అంది అత్తగారు. అని లేచింది. వాకిలి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. నా ముందు నిలబడి, పమిట తీసి, జాకెట్టు లోపల కుడివైపు ఉన్న గుడ్డపొరలు ఒక్కొక్కటే తొలగించింది. పాత చీర ముక్కలు. లోపలి పొరలు తడిసి ఉన్నాయి.

"గిది గూడ అదేనా సిస్టరమ్మ?"

పిల్లలూ, నేను చాలా పుళ్లు చూశాను. ఆ ఒక్కసారి మాత్రం నా చేతులు ఒళ్లోంచి లేవలేదు. గడ్డ ఎప్పుడో చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. దాని మీద పసుపు అద్దుకుంది, కర్పూరం పొడి చల్లుకుంది. ఆ గుడ్డలు ఎవరికీ కనపడకుండా ఉతికి, ఎవరికీ కనపడకుండా ఆరేసి, పైన పౌడరు వేసుకుని, దానిమ్మ గింజలు ఒలిచింది.

కోడలు "అత్తమ్మ" అంది.

"ఎప్పటి నుంచి?" అని అడిగాను.

"చానా రోజులాయె. మొదట్ల గింతే ఉండె. గడ్డలు కోసే డాక్టర్లంత మొగోళ్లే. కొడుకుకు ఎట్ల చెప్పుకుంట? ఆఖరికి పుండు పడ్డంక, ఇగ కోడలికన్న చెప్దామనుకున్న. చెప్దామనుకున్న దినాలల్లనే మీ దవాఖాన్ల నుంచి ఆ పిలగాడు ఫోన్ చేసె. పిల్లల కోసం సూదులని. సరే, పిల్ల మంచి పని మీద తిరుగుతున్నది, నడుమ నా రోగం ముందల పెట్టుడెందుకు, కానుపు అయినంక సూసుకుందామని ఊకున్న."

ఆమె ఎవరినీ తప్పుపట్టే గొంతుతో అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

నేను పుండు కడిగి కట్టు కట్టాను. నా సంచీలో దానికి కావలసినవి సగం లేవు. కోడలు వేడినీళ్లు తెచ్చింది, పాత్ర పట్టుకుంది. మొహం పక్కకు తిప్పుకోలేదు. బయట మిల్లు మోత అలాగే ఉంది.

హైదరాబాదులో పరీక్షలు చేశారు. ఎముకల్లోకి వెళ్లిపోయింది. కోసి తీసే దశ దాటింది. ఆమె గడ్డ కూడా హార్మోన్ తినేదేనని తేలింది. మొదట్లో వచ్చి ఉంటే మందులకు లొంగే రకమే. డాక్టరుగారు ఆ మాట భర్తతో అనలేదు, మాతో అన్నారు. ఆమె మా పరిశోధనలో లేదు, ఆ వయసు దాటిపోయింది. అక్కడ మామూలు వార్డులో చూశారు. మాత్రలు ఇచ్చారు, పుండు మీద రేడియేషన్ ఇచ్చారు. పుండు కొంచెం మానింది. నొప్పి కొంచెం తగ్గింది.

ఆమెను హైదరాబాదుకు తీసుకెళ్లి తీసుకొచ్చే పని మా కోఆర్డినేటర్ పెట్టుకున్నాడు. అది అతని ఉద్యోగంలో లేదు. సెలవు పెట్టి మరీ వెళ్లేవాడు. అతని సరదా మాటలు ఆ రోజుల్లో ఆగిపోయాయి. ఒకరోజు ఆసుపత్రి వరండాలో నాతో, "నేను ఆమెకి ఏదో మంచి చెప్పాననుకున్నానండీ. సంతోషపెట్టాననుకున్నాను. కోడలు బాగుంది, సూది ఏదో నేను చెప్పలేను అని ఉంటే సరిపోయేది కదా" అన్నాడు. ఆ అవునమ్మా అన్న మాట తనదేనని అతను కారులో ఆమెకు చెప్పేశాడట. ఆమె ఏమందని అడిగాను. "నాకు తెలుసు బిడ్డా, నీ గొంతే కద అన్నది. అని, కారు జర ఆపు, నీళ్లు తాగుత అంది" అన్నాడు.

మీరు ఇది రాసుకోండి, లేదా గుర్తుపెట్టుకోండి. చెప్పకూడనిది చెప్పకపోవడం వేరు, దాని చోట ఇంకొకటి పెట్టడం వేరు. మా శిక్షణలో మొదటిది గంటలకొద్దీ నేర్పారు. రెండో దాని గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

డాక్టరుగారు భర్తను పిలిచి ఇంకో మాట కూడా చెప్పారు. తల్లికి వచ్చింది కాబట్టి కూతుళ్లిద్దరినీ ఒకసారి చూపించాలని. అతను తలూపాడు. చూపించలేదు. చెల్లె ఏదో ఊరిలో దూరంగా ఉంది. అక్కది మిర్యాలగూడే. "అక్క బిడ్డకు సంబంధం కుదిరేటట్టున్నది మేడం. ఇప్పుడొద్దు" అన్నాడు. తల్లి జబ్బును కూడా బయట నడుంనొప్పి అనే చెబుతున్నాడు.

ఆ ఇంట్లో అత్తా కోడళ్లు మాత్రం మారిపోయారు. పుండు కట్టు మార్చడం కోడలే నేర్చుకుంది. నెలకోసారి నేను వెళ్తే ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని ఉండేవారు. కోడలికి మోకాళ్లు నొప్పి, అత్తకు నడుము నొప్పి. ఒకరి మాత్ర ఒకరు గుర్తుచేసుకునేవారు. చుట్టాలు పిల్లల మాట ఎత్తినా, పొరుగువాళ్లు కడుపు సంగతి అడిగినా అత్తగారే అడ్డం పడేది. ఒకసారి మంచంలోంచి నా చేయి పట్టుకుని, "సిస్టరమ్మ, పిల్ల నడుమల సూదులు ఆపుత అంటది సూడుండ్రి, నా మొగుని వంశమని, నా కోసమని. ఆపనియ్యకుండ్రి" అంది. కోడలు అప్పుడు పక్కనే ఉంది. ఆమెకు ఆపాలని ఉండేదని నాకు తెలుసు. ఆపలేదు. అది అత్త మాట వినేనా కాదా అన్నది నేను అడగలేదు.

వానాకాలం వడ్లు మిల్లుకు వచ్చే రోజుల్లో అత్తగారు చనిపోయింది. చివరి వారాల్లో నొప్పి చాలా ఉండేది. దాని గురించి ఇంక రాయను.

ఆమె దినాల నాడు నేను వెళ్లాను. ఆ రోజే కోడలి సూది పడాలి కూడా. ఆమె క్లినిక్‌కు రాలేదు కాబట్టి మందు నేనే తీసుకెళ్లాను. ఇంటి నిండా చుట్టాలు. మగవాళ్లు పందిట్లో, ఆడవాళ్లు హాల్లో. వడ్డనకు ముందు ఎవరో పెద్దావిడ, "మంచిగ తిరిగే మనిషి, ఏం రోగమొచ్చె?" అని అడిగింది. గుమ్మం దగ్గరున్న భర్త, "గుండెకొచ్చింది పెద్దమ్మా" అన్నాడు.

కోడలు మంచినీళ్ల గ్లాసులు పంచుతోంది. పళ్లెం కింద పెట్టింది.

"గుండె కాదు పెద్దమ్మా. రొమ్ము క్యాన్సర్. చానా రోజులు దాపెట్టుకున్నది. నాక్కూడ అదే ఉండె. నాది జల్ది తీసిండ్రు. ఇంక మందులు వాడుతున్న. నాకిప్పుడు పిల్లలు కానిది అందుకే."

గట్టిగా కూడా అనలేదు. కాని హాల్లో అందరికీ వినపడింది. భర్త ఆమె వైపు ఒక చూపు చూసి పందిట్లోకి వెళ్లిపోయాడు. ఒకామె చేతిలో గ్లాసును తాగకుండా మెల్లగా కింద పెట్టింది. ఇంకొకామె ఇంటి దగ్గర దూడకు బాగాలేదని లేచింది. ఆమె వెనక ఇద్దరు. విస్తళ్లు వేసేసరికి హాలు సగం ఖాళీ అయింది. అంటుకునే జబ్బు కాదని నేను ఒకరిద్దరికి చెప్పబోయాను. వాళ్లు నా మాట వినే చూపులో లేరు. ఆ తర్వాత ఆ వీధిలో ఆమెను పసుపు కుంకుమకు పిలవడం మానేశారు. అక్క కూతురి సంబంధం కూడా చెడింది. ఇవి నేను దాచను. నిజం చెబితే అంతా మంచే జరుగుతుందని మీకు చెప్పడానికి ఇది రాయడం లేదు.

కోడలు గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "సూది తెచ్చిండ్రా సిస్టరమ్మ?" అని అడిగింది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే కద పడాలె."

అత్తగారి గదిలోకి వెళ్లాం. మంచం తీసేశారు, చాప ఉంది. ఆమె పడుకుని కొంగు పక్కకు తీసింది. నేను చేతులు కడుక్కుని, బొడ్డు కింద కొత్త చోటు వెతికి సూది దింపాను. ఈసారి ఆమె పైకప్పు వైపు చూడలేదు, నా చేతుల వైపు చూసింది. దూది అదుముతుండగా తలుపు కొంచెం తెరుచుకుంది.

ఆడబిడ్డ, అంటే చనిపోయినావిడ పెద్ద కూతురు. ఇందాక హాల్లో అందరికంటే ఎక్కువ కోపంగా కోడలిని చూసింది ఆమే. లోపలికి వచ్చి తలుపు వేసి గడియ పెట్టింది. గడియ మీదే చేయి ఉంచి, ఇటు తిరగకుండా నిలబడింది.

"నాది గూడ జర సూడుండ్రి సిస్టరమ్మ. ఎవలికి చెప్పలే."

నేను మళ్లీ చేతులు కడుక్కున్నాను. ఆమెను కిటికీ వెలుగు పడేచోట కూర్చోబెట్టాను. చేతివేళ్లతో నెమ్మదిగా, చంక దగ్గరి నుంచి గుండ్రంగా తడుముతూ వచ్చాను. బఠాణీ గింజంత ఉంది. గట్టిగా ఉంది, కాని వేళ్ల కింద కదులుతోంది. చర్మం బాగానే ఉంది. నేను తల ఎత్తేలోపే ఆమెకు నా వేళ్లు ఆగడం తెలిసింది.

"ఉన్నదా?"

"ఉంది. చిన్నది. ఏమిటన్నది పరీక్ష చేస్తే గాని తెలియదు. మా దగ్గరికి చాలామంది ఇంతకంటే పెద్దవాటితో వచ్చి బాగున్నారు."

ఆమె మొహం చేతుల్లో పెట్టుకుంది. చాప మీది నుంచి కోడలు లేచింది. సూది వేసిన చోట ఒక చేత్తో దూది పట్టుకునే ఉంది. రెండో చేత్తో ఆడబిడ్డ జాకెట్టు హుక్కులు ఒక్కొక్కటే పెట్టింది, పమిట సర్దింది.

"రేపు పొద్దుగాల్ల మొదటి బస్సుకు పోదాం వదినె" అంది. "నేనొస్త."